రెండడుగుల గోడకు ఆవల

ఉదయగిరి దుర్గము నీడలో, కొండవైపునకు పోవు పాత వీధులలో ఒకదానియందు మా మేనమామగారి ఇల్లు కలదు. రాతితోను సున్నముతోను కట్టిన గోడలు రెండడుగులకు తక్కువ మందము కావు. పైన దూలములు, దూలములమీద బండలు. ముందు వసారా, దాని వెనుక నడవ, నడవకు కుడియెడమల చెరియొక గది, ఆపైన వంటిల్లు, చివర పెరడు. వైశాఖమాసపు వడగాడ్పులో నెల్లూరినుండి బస్సు దిగి ఆ గడపలో అడుగు పెట్టి, ఆ గోడల చలువను మెచ్చుకొనని బంధువు మా వంశములో లేడు. అట్టి గోడలే నేడు మామకు శత్రువులైనవి. కేబుల్ వారు వచ్చి అమర్చిన వైఫై పెట్టె వసారా మూలన ఉన్నది. వసారాలో కూర్చున్నవారికి సినిమా నిరాటంకముగా నడచును. నడవలో అడపాదడపా నిలిచి నిలిచి నడచును. కుడిచేతి గదిలో మంచముపై మేను వాల్చిన మామకు మాత్రము, దూరదేశమున ఉన్న మనుమడి ముఖము ముక్కచెక్కలై, పెదవి కదలిక ఒక యెడ, మాట వేరొక యెడ అయి, తుదకు తెరపై చక్రమొక్కటియే తిరుగుచుండును.

“ఏంది అబ్బయ్యా ఇది? గాల్లో వొచ్చేదానికి గోడేం అడ్డం? మా నాయన కాలంలో బెజవాడ రేడియో ఇదే గదిలో, ఇదిగో ఈ గూట్లో పెట్టుకొని వినేవాళ్లం. అప్పుడు రాలా?” అని మామ నన్ను నిలదీసెను.

ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుటకు వీలులేదు. విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైనది. ఉదయగిరికి అది రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దూరము. అంత దూరమునుండి నదులను, అడవులను, గుట్టలను దాటివచ్చి ఈ గూటిలో పాట పాడిన శక్తి, వసారానుండి పదిహేను అడుగులు రాలేకపోవుట వింతయే గదా! ఈ వింతకు మూలము తరంగముల కొలతలో ఉన్నది. విజయవాడ కేంద్రపు మధ్యమ తరంగము 837 కిలోహెర్ట్‌జులది. అనగా ఒక అల శిఖరమునుండి మరియొక అల శిఖరమునకు సుమారు 358 మీటర్లు. అంతటి అలకు మా మామ ఇల్లు, పెద్ద చెరువులో అల వచ్చినప్పుడు అడ్డునిలిచిన తుంగపరక వంటిది. దానిని చుట్టుకొని, దాటుకొని పోవును. వైఫై పెట్టె పంపు తరంగములు రెండు తెగలు. 2.4 గిగాహెర్ట్‌జుల అల పన్నెండున్నర సెంటీమీటర్లు, జానెడు కూడ లేదు. 5 గిగాహెర్ట్‌జుల అల దాదాపు ఆరు సెంటీమీటర్లు, బెత్తెడు కూడ ఉండదు. ఇంత చిన్న అల రెండడుగుల రాతిలో దూరినచో, కొంత వెనుకకు మరలును, కొంత లోపలనే వేడియై ఇంకిపోవును, మిగిలినది అవతలకు ఊపిరి మాత్రముగా చేరును. పైగా ఆకాశవాణివారి ప్రసారయంత్రపు బలము కిలోవాట్ల లెక్క; ఈ పెట్టె బలము వాటులో పదియవ వంతు ప్రాంతము.

మరియొక భేదము కలదు. మామ గమనించనిదియు, నేను చెప్పగానే తలయూపినదియు అదియే. రేడియో వినుటకు మాత్రమే; దానికి మనము బదులు చెప్పము. వైఫైలో చేతిలోని ఫోను కూడ పెట్టెకు బదులు పలుకవలెను. గట్టుపై నిలిచి కేకవేయువాని గొంతును ఎంత పెంచినను, బావి లోతున ఉన్న బాలుని గొంతు పెరుగదు గదా! “ఎక్కువ పవరు” గల రౌటరు కొనుమని అంగడివారు చెప్పు సలహా చాల ఇండ్లలో వమ్మగుటకు ఇదియొక కారణము: తెరపై గీతలు నిండుగా కనుపించును, పని మాత్రము జరుగదు.

చిన్న తరంగములు గోడలు దాటవని చెప్పుట కూడ తప్పే. కలకత్తాలో 1895వ సంవత్సరమున జగదీశచంద్ర బోసుగారు మిల్లీమీటర్లలో కొలువదగిన సూక్ష్మతరంగములను గోడల గుండ పంపి, ఆవలనున్న గంటను మ్రోగించి చూపిరి. గోడ దాటునా దాటదా అనునది కాదు ప్రశ్న. దాటిన పిదప ఎంత మిగులుననునదియే ప్రశ్న. దీనిని డెసిబెళ్లలో లెక్కింతురు. 3 డెసిబెళ్ల నష్టమైనచో బలము సగమగును. 10 నష్టమైనచో పదియవ వంతు. 20 నష్టమైనచో నూరవ వంతు. పలుచని చెక్కతలుపు పుచ్చుకొను పన్ను స్వల్పము. ఇటుకగోడ దానికంటె హెచ్చు. ఇనుపకమ్ములతో కూడిన కాంక్రీటు 10 డెసిబెళ్లకు పైబడి పుచ్చుకొనును. తడిసిన గోడ, మందపు రాయి ఇంకను నిర్దాక్షిణ్యములు. ఫోనులో వైఫై బలమును అంకెలలో చూపు ఉచితసాధనములు దొరకును. వానిలో ఋణసంఖ్యలు కనుపించును. మైనస్ 50 అనిన శ్రేష్ఠము. మైనస్ 67 వరకు వీడియోమాటలకు లోటుండదు. మైనస్ 80 అనిన ఆశ వదలుకొనవలసినదే. నేను ఫోను చేతబట్టుకొని ఆ ఇల్లంతయు తిరిగి చూచితిని. వసారాలో మైనస్ 45, నడవ నడుమ 62, వంటింటి గుమ్మమున 70, మామ మంచముకడ 86.

ఈ అంకెలను ఒక కాగితముమీద ఇంటి పటము గీచి వ్రాసికొనగా, నాకొక సంగతి స్ఫురించినది. మన పూర్వులు ఇల్లు కట్టునప్పుడు సింహద్వారమునకు సూటిగా నడవగుమ్మము, దానికి సూటిగా వంటింటిగుమ్మము, దానికి సూటిగా పెరటిగుమ్మము ఉంచిరి. వీధిలో నిలిచి చూచిన పెరటిలోని తులసికోట కనుపించును. గాలికొరకును, వెలుతురుకొరకును వారు తీర్చిన ఆ వరుసలోనే వైఫైయును నడచుచున్నది. అందుచేతనే దూరమున ఉన్న వంటింటికి కొంత అందినది, దగ్గరనే ఉన్న ప్రక్కగదికి బొత్తిగా అందలేదు. పాత ఇండ్లలో చీకటిగదులకును, వైఫై అందని గదులకును గల చుట్టరికము ఇట్టిది. అట్టి ఇంటిలో పెట్టెను గుమ్మముల వరుసలోనికి జరుపుటయే మొదటి వైద్యము. దానికి ఖర్చు లేదు.

అయిన పెట్టె వసారా మూలను ఎందులకు చేరినది? దీనికొక చిన్న చరిత్ర కలదు. రాష్ట్రప్రభుత్వపు ఏపీ ఫైబర్‌నెట్‌ను 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు వెలగపూడిలో జాతికి అంకితము చేసిరి. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టెలివిజను, టెలిఫోను మూడును కలిపి ఇచ్చెదమని చెప్పిన ఆ పథకమునకు ఆయువుపట్టు ఏమనగా, భూమిని త్రవ్వక, ఊరూర ఉన్న కరెంటుస్తంభముల మీదుగనే గాజుతీగను లాగుట. మెట్టప్రాంతపు పల్లెలకు తీగ త్వరగా చేరుట ఆ యుక్తి ఫలమే. స్తంభమునుండి ఇంటికి వచ్చు ఆ గాజుపోగు వెండ్రుకవలె సన్ననిది; గట్టిగా మడిచిన లోపలి వెలుగు చెదరిపోవును. కావున తీగ తెచ్చిన కుర్రవాడు మొదట దొరకిన కిటికీలోనుండి దానిని లోనికి తీసి, అక్కడనే మేకు కొట్టి, పెట్టె తగిలించి, “సార్, లైటు వెలుగుతా ఉండాది చూస్కోండి” అని వెడలిపోవును. వానిని నిందింపను, దినమునకు ఎన్ని ఇండ్లు తిరుగవలెనో వానికే తెలియును. కాని వాడు ఉన్నంతసేపటిలోనే, తీగను మరి ఇరువది అడుగులు లోనికి తెమ్మని అడుగువారు అరుదు. అడిగినచో చాల ఇండ్లలో ఈ వ్యాసముతో పనియే లేకపోవును.

ప్రసంగవశమున మరియొక మాట. మామగారి భోషాణములో వారి తండ్రిగారి నాటి రేడియో లైసెన్సు పుస్తకమొకటి నేటికిని ఉన్నది. ఏటేట తపాలా ఆఫీసునకు పోయి రుసుము చెల్లించి ముద్ర వేయించుకొనిన ఆనవాళ్లు దానిలో కలవు. 1933వ సంవత్సరపు వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము ప్రకారము వినుయంత్రము ఉంచుకొనుటకును నాడు అనుమతి కావలసియుండెను. నేడు వినుటయే కాక పంపుట కూడ చేయు యంత్రములు ఇంటింట అనుమతి లేకయే ఉన్నవనిన, 2005 జనవరిలో కేంద్రప్రభుత్వము 2.4 గిగాహెర్ట్‌జుల పట్టీని లైసెన్సు బంధమునుండి విడుదల చేయుటయే కారణము. 5 గిగాహెర్ట్‌జుల పట్టీని ఆరుబయట కూడ విరివిగా వాడుకొను స్వేచ్ఛ 2018లో లభించినది.

మామ నా రాకకు ముందే ఒక చికిత్స చేసియుండెను. ఆత్మకూరు పోయినప్పుడు ఎవరో చెప్పగా, రిపీటరను పరికరమొకటి కొనితెచ్చి, వైఫై ఎచ్చట రాదో అచ్చటనే, అనగా తన మంచము ప్రక్కనున్న ప్లగ్గులో దానిని దోపెను. గీతలు నిండుగా వచ్చినవి, మనుమడు రాలేదు. నూటికి తొంబదిమంది చేయు పొరపాటు ఇదియే. ఈ పొరపాటును మామకు తెలియజెప్పుటకు నాకు సోమశిల తోడ్పడినది.

పెన్నపై సోమశిలకడ కట్టిన జలాశయములో 78 టీఎంసీల నీరు పట్టును. అయినను ఎత్తైన మెట్టనేలలకు ఆ నీరు తనంత తాను ఎక్కిరాదు. ఆత్మకూరు, ఉదయగిరి మెట్టలకొరకు తలపెట్టిన హైలెవెల్ కాలువ పథకములో నీటిని దశలుగా ఎత్తిపోయవలెనని ఏర్పాటు. ఎత్తిపోతల మోటారును ఎచ్చట బిగింతురు? ఎండిన చేనిలోనా, నీరున్న చోటనా? “నీళ్లుండే కాడే గదా!” అని మామ. రిపీటరును అంతియే: ఎండిన గదిలో బిగించినచో అది ఎండినదానినే రెట్టించి పోయును. మంచి సంకేతము ఇంకను బ్రదికియున్న చోట, అనగా పెట్టెకును మృతప్రదేశమునకును నడిమి దూరమున, రెండు వైపులకును చూపు సాగు తావున ఉంచవలెను. నా కాగితములో మైనస్ 62 అని వ్రాసిన నడవమధ్యమే అట్టి తావు. రిపీటరును అచ్చటికి మార్పగా మంచముకడ 86 ఉండినది 71 అయినది. మనుమడు వచ్చెను; కాని సాయంకాలమున, ఇంటిల్లిపాది ఫోనులు పట్టుకొను వేళ, మరల తడబడ నారంభించెను.

దానికి కారణము రిపీటరు స్వభావములోనే ఉన్నది. చౌక రిపీటరునకు నోరును చెవియు ఒక్కటియే. వినునప్పుడు పలుకలేదు, పలుకునప్పుడు వినలేదు. ప్రతి మాటను ఒకసారి విని మరల పలుకవలసి యున్నందున వేగము సుమారు సగమునకు పడిపోవును. ఇటీవల మెష్ అను పేర రెండు మూడు పెట్టెల జతలు వచ్చుచున్నవి. వానిలో మేలైనవి తమలో తాము మాటలాడుకొనుటకు వేరొక పట్టీని కేటాయించుకొనును, ఇల్లంతటికి ఒక్కటే పేరుతో కనుపించును, నడచుచున్న మనిషిని ఒక పెట్టె మరియొక పెట్టెకు అప్పగించును. కాంక్రీటు మిద్దెలకు అవి చక్కగా ఒప్పును. రెండడుగుల రాతికి మాత్రము అవియును దాసోహమనును, ఏలననగా వానికిని గాలియే దారి.

ఆత్మకూరు సంగతి వేరు. నెల్లూరినుండి బద్వేలు మీదుగ పోవు 67వ జాతీయ రహదారిపైనున్న ఆ ఊరిలో, బస్టాండు పరిసరముల మా చిన్నత్త ఇల్లు రెండంతస్తుల క్రొత్త మేడ. అచ్చట గోడలు పలుచన, శ్లాబులు బరువు. క్రిందనున్న పెట్టెనుండి పైయంతస్తునకు అందుట లేదు. రౌటరుపై నిలువుగా నిలిచిన ఏంటెనా తన బలమును ప్రక్కలకు చిమ్మును గాని నడినెత్తిపైకి చిమ్మదు. రెండు ఏంటెనాలలో ఒకదానిని అడ్డముగా వాల్చగా మెట్లగదివరకు కొంత మేలు కలిగెను. ఇనుపబీరువా వెనుక పెట్టెను దాచుట, నిలువుటద్దము ప్రక్క ఉంచుట, ఫ్రిజ్జుపైన పెట్టుట, ఇవన్నియు ఆ ఇంటిలో కనుపించిన అలంకారప్రీతులు. లోహము తరంగమును తిప్పికొట్టును, నీరు దానిని త్రాగివేయును. కాని అసలు చిక్కు అదియును కాదు. ఫోనులో చూడగా ఇరుగుపొరుగు అంగళ్లవి, లాడ్జీలవి, ఇండ్లవి ఇరువదికి పైగా వైఫై పేర్లు కనుపించినవి, అన్నియు 2.4 పట్టీలోనే ఒకదానిపై ఒకటి అరచుచున్నవి. ఆ పట్టీలో పదమూడు ఛానెళ్లున్నను, ఒండొంటిని రాచుకొనక ఏకకాలమున పనిచేయునవి మూడే: 1, 6, 11. సంతలో మూడు దుకాణములకే చోటున్నచోట ఇరువదిమంది చాపలు పరచినట్లున్నది స్థితి. పొరుగువారిది తక్కువగా వినబడు ఛానెలును ఎన్నుకొని స్థిరపరచి, దగ్గరి గదులకు 5 పట్టీని వాడుకొనుడని చెప్పితిని. వంటయింట మైక్రోవేవ్ ఓవెను తిరుగుచున్నంతసేపు 2.4 పట్టీ మందగించుట కూడ అచ్చటనే చూచితిమి. అది కూరను వేడిచేయు తరంగమును, వైఫై తరంగమును ఇంచుమించు ఒక్క కొలతవే.

ఉదయగిరికి మరల వత్తము. తీగలేని సౌకర్యము చాలనప్పుడు దానికి తుదిమందు తీగయే. ఇది విన్నవారికి రుచింపదు, “వైర్‌లెస్ అంటిరి గదా, మళ్లీ వైరెందుకు?” అందురు. కాని రాగి కేబులులో గోడలు లేవు, పొరుగువారి అరపులు లేవు. వసారాలోని రౌటరునుండి క్యాట్-6 కేబులును మామ గదిలోనికి తెచ్చి, దాని కొసను యాక్సెస్ పాయింటు అనబడు మరియొక చిన్న పెట్టెను తగిలించినచో, ఆ గదిలో క్రొత్తగా ఒక వైఫై పుట్టును. అది అనువదించి చెప్పినది కాదు, స్వంతగొంతుతో పలుకునది. అట్టి కేబులు వంద మీటర్లవరకు నిశ్చింతగా పనిచేయును. పాత రౌటరు ఇంటిలో మూలబడియున్నచో దానినే ఈ పనికి నియోగింపవచ్చును. ఒక్కటే జాగ్రత్త: ఫోనులకు చిరునామాలు పంచు అధికారము మొదటి పెట్టెకే ఉండవలెను, రెండవదానిలో ఆ పనిని మాన్పింపవలెను. ఇద్దరు కరణములు ఒకే ఊరిలో పట్టాలు వ్రాసిన ఏమగునో అదియే అగును. పేరును, పాస్‌వర్డును మాత్రము రెండింటికిని ఒక్కటిగనే ఉంచిన, ఫోను తనకు దగ్గరగా ఉన్నదానిని పట్టుకొనును.

కరెంటుతీగల మీదనే ఇంటర్నెట్టును పంపు జత పరికరములును అంగడిలో కలవు. మామ ఇంటి వైరింగు ఎప్పటిదో, ఏ గది తీగ ఏ ఫేజులో ఉన్నదో ఎవరికిని తెలియనందున నేను ఆ జోలికి పోలేదు. పొలములో బోరుషెడ్డువరకు వైఫై కావలెననువారికి వేరొక దారి కలదు: ఇంటిమిద్దెపై ఒకటి, షెడ్డుపై ఒకటి, ఎదురెదురుగా చూచుకొను దిశాత్మక ఏంటెనాలు. నడుమ చెట్టుకొమ్మ అడ్డు రాకున్న, కిలోమీటరు వానికి లెక్కకాదు. కాంతికిరణముతోనే ఇట్టి లంకెలు వేయుటకు ఆల్ఫబెట్ సంస్థవారి ఎక్స్ విభాగము 2017 డిసెంబరులో మన రాష్ట్రముతో ఒప్పందము చేసికొని, రెండువేల లంకెలు నిలుపుదుమని ప్రకటించెను. పెరటి కొట్టమునకు ఆరుబయట తీగ లాగువారు మాత్రము గాలివానలను తలచుకొని లాగవలెను; రాగితీగ పిడుగు విద్యుత్తును లోనికి తెచ్చును, గాజుపోగు తేదు.

ఇక గోడ. రెండడుగుల రాతిగోడకు చిల్లు వేయుట చిన్నపని కాదు. పోర్చుగీసు గుర్రపు వర్తకుడు నూనిజ్ విజయనగర చరిత్ర వ్రాయుచు, ఈ ఉదయగిరి ముట్టడినిగూర్చి, రాయలు కొండలను చీల్చి, పెనురాళ్లను పగులగొట్టించి, కోటబురుజులను చేరుటకు సేనకు దారులు చేయించెనని చెప్పియున్నాడు. 1513లో మొదలైన ఆ ముట్టడి తెమలుటకు సుమారు పదునెనిమిది నెలలు పట్టినది. మాకొక పూట పట్టెను. వచ్చిన మేస్త్రీ తెచ్చిన డ్రిల్లు బిట్టు జానెడు. దానితో ఇటునుండి ఒకటి, అటునుండి ఒకటి వేయగా రెండును కలియలేదు. “ఇది రాయి గాదు సామీ, కొండే” అని వాడు కూర్చుండిపోయెను. రెండవసారి రెండడుగుల బిట్టు తెప్పించి, రాయికిని రాయికిని నడుమ సున్నపు అతుకును వెదకి పట్టుకొని, అతుకువెంబడి తొలువగా దారి దొరకినది. పాతగోడకు చిల్లు రాతిలో కాక అతుకులో వేయవలెనని నాకు ఆనాడే తెలిసినది. చిల్లులో ప్లాస్టిక్ గొట్టము దూర్చి, ఎలుకలు కొరుకకుండ దానిలోనుండి కేబులు లాగి, రెండు కొసలను సున్నముతో పూడ్చితిమి. కరెంటు పోయినప్పుడు రెండు పెట్టెలును ఆగకుండుటకు పన్నెండు వోల్టుల చిన్న యూపీఎస్‌లు రెండు కొనితిమి. ఒకటే కొన్నచో ప్రయోజనము సున్న.

క్రొత్త పెట్టెను ఎచ్చట ఉంచవలెనని ప్రశ్న రాగా, గది నాలుగుమూలలకును చూపుసాగు ఎత్తున, మంచమునకు ఎదురుగా, రేడియో ఉండిన గూడు ఖాళీగా ఉన్నది. దానిలోని దీపపుమసిని అత్త గుడ్డతో తుడిచెను. మంచముకడ అంకె మైనస్ 41. ఆ సాయంకాలము మనుమడు ముఖము చెదరక, మాట తెగక ముప్పావుగంట మాటలాడెను. నడుమ అత్త వంటింటినుండి కేకవేసి, ఫోను ఎక్కడున్నదని అడుగగా, మామ తల త్రిప్పకయే, “ఆ రేడియో గూటి కాడ చార్జింగు పెట్టుండా” అనెను.